సినిమా హాలు తలుపు

చిలుకూరు పక్కన ఒక పల్లెలో నేను బాల్వాడీ టీచరుగా చేరిన కొత్తలో మాకు గది లేదు. ఒక గొల్లాయన తన గొర్రెల కొట్టం ఇచ్చాడు. పొద్దున గొర్రెలు మేతకు పోయాక ఊడ్చుకుని కూర్చునేవాళ్లం. వాన పడితే అవి మధ్యలోనే తిరిగొచ్చేవి. ఒకసారి అట్లాంటి వాన రోజే తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ గుమ్మం బయటే నిలబడి, లోపలి సందడి విని, హాజరు బాగుందని రాసి వెళ్లిపోయింది.

గది కట్టుకుందామని అడిగితే ఊరంతా సరేనన్నది. అని, ఇళ్లకు పోయింది. కదిలింది ఒక్క ముసలి మేస్త్రీయే. ఆయన అప్పుడు సూర్యాపేటలో ఒక పాత సినిమా హాలు కూలగొట్టే పనికి పోతున్నాడు.

"టీచరమ్మా, ఇటుకలన్నీ గుంతల పారవోస్తుండ్రు. అడిగితె తీస్కపొమ్మన్నరు."

"పాత ఇటుకలతో కడితే గోడ నిలుస్తుందా?"

"ముప్పై ఏండ్లు నిలవడ్డయ్ గదమ్మా. వాటికి అలవాటే."

కోదాడ వైపు ఖాళీగా వచ్చే లారీల్లో ఇటుకలు వచ్చాయి. ఊరి ఆడవాళ్లు, పక్క తండా ఆడవాళ్లు కలిసి కూర్చుని వాటికి అంటిన సున్నం కొట్టేశారు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్లు కప్పు మార్చుకుంటుంటే పాత రేకులు అడిగి తెచ్చాం. చిల్లులకు తారు పూశాం. నేలకు విరిగిన నాపరాయి ముక్కలు పరిచాం.

చివరికి ఆ సినిమా హాలు నుంచే తలుపు వచ్చింది. మంచి టేకు తలుపు. దాని మీద జానెడు ఎత్తు ఎర్రటి అక్షరాలతో 'స్త్రీలు' అని ఉంది. ఇసుక వేసి రుద్దాం. మురికి పోయి అక్షరాలు ఇంకా బాగా కనబడ్డాయి.

ప్రారంభం రోజు సర్పంచి కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. తలుపు చదివి ఆగిపోయాడు. వెనకాల మగవాళ్లంతా ఆగారు.

"ఇది ఆడోళ్ల దర్వాజ గదా. నేనెట్ల వోత?"

మేస్త్రి పక్క గోడ వైపు చెయ్యి చూపించాడు. "కిటికీ జర పెద్దగనే పెట్టిన పటేలా."

సర్పంచి కిటికీ వైపు కూడా చూశాడు. తర్వాత కాయ బయటే కొట్టి, ఉపన్యాసం బయటే ఇచ్చి వెళ్లాడు. సర్పంచే పోని గదిలోకి తాము ఎట్లా పోతామని మిగతా మగవాళ్లూ రాలేదు. పేకాటకు ఆ గది మీద కన్నేసినవాళ్లు మాత్రం కొన్నాళ్లు దిగులుగా తిరిగారు.

పిల్లలు ఇళ్లకు పోయాక మధ్యాహ్నాలు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. నాట్లేసి వచ్చినవాళ్లు నడుం వాల్చేవాళ్లు. ఒక ముసలమ్మ రోజూ వచ్చి గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది.

"ఏం పని మీద వచ్చినవ్ అవ్వా?" అని అడిగాను.

"ఏం పని లేదు బిడ్డా. ఏం పని లేకుంట కూసుండనీకె ఈ ఊర్ల నాకింకో జాగ లేదు."

వాన సంగతి చెప్పినట్టు చెప్పింది. చాప తెచ్చి వేశాను.

ఆ వానాకాలంలోనే తండా నుంచి నిండు గర్భిణిని బండిలో కోదాడ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో వాగు పొంగి అడ్డం వచ్చింది. నొప్పులు ఎక్కువై బండిని మా గదికే మళ్లించారు. నేను పోయి మంత్రసానిని పిలుచుకొచ్చాను. భర్త బయట వానలో నిలబడ్డాడు. రేకుల మీద వాన హోరులో బిడ్డ ఏడుపు మాకే సరిగా వినబడలేదు, అతనికేం వినబడుతుంది! మంత్రసాని తలుపు తీసి ఆడపిల్ల అని అరిచి చెప్పింది.

"లోపలికి రావచ్చా?" అన్నాడతను, అక్కడే నిలబడి.

"తలుపు మీద ఏం రాసుందో సదువుకో."

"నాకు సదువు రాదమ్మా."

మంత్రసాని అతన్ని ఎగాదిగా చూసింది. "అయితె రా."

అతను తల తుడుచుకుని లోపలికి వచ్చాడు. బిడ్డను ఎత్తుకోవడానికి చేతులు చాపి, తడిగా ఉన్నాయని వెనక్కి తీసుకున్నాడు. నా కొంగు ఇచ్చాను.

మరుసటేడు నాకు మిర్యాలగూడకు బదిలీ అయింది. అక్కడ బాల్వాడీకి కొత్త సిమెంటు స్లాబు ఉంది. వాన పడితే కారేది.