గురప్ప తిరగేసి బిగించిన సీలు

మా పక్కింటి గురప్ప చేతులు చూస్తేనే బోరు మెకానిక్ అని చెప్పేయవచ్చు. పామిడి చుట్టుపక్కల ఊళ్లలో బోర్లలోకి మోటర్లు దించడం, కాలిపోతే పైకి లాగి విప్పడం, బాగుచేసి మళ్లీ దించడం. ఆయన వయసంతా అందులోనే గడిచింది. బోర్లు ఒకటొకటే ఎండిపోయాక పిలిచేవాళ్లు తగ్గారు. అప్పుడే ఎవరో వదిలించుకుంటుంటే ఒక పాత చిన్న కారు కొని, ఇంటి ముందు రేకుల పందిరి కింద పెట్టుకున్నాడు. ఊళ్లో ఎవరికైనా ఆసుపత్రి పని పడితే తోలుకుపోయేవాడు.

ఈ ఎండాకాలం ఆ కారుకు సొంత పని పడింది. గురప్ప భార్య మారెక్కకు ఒక అక్క ఉంది, ఆంజినమ్మ. రాయదుర్గంలో కొడుకు దగ్గర ఉంటుంది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కొడుకూ కోడలూ జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పోతారు. పగలంతా ఆమె గోడకేసి చూస్తూ ఒంటరిగా పడుకుంటోందని విన్నప్పటి నుంచి మారెక్కకు ముద్ద దిగడం లేదు. అక్కను తెచ్చి తన దగ్గరే ఉంచుకుంటానంది. బాడుగ కారు పిలుస్తానని గురప్ప అంటే మాత్రం ఒప్పుకోలేదు.

"మన కారేసుకొని వస్తామని అక్కకు ఫోన్లో చెప్పినా. ఇంగొకరి కార్లో పోతే నీ కారెందుకప్పా, కోళ్లు గుడ్లు పెట్టేకా?"

ఇబ్బందల్లా కారు నూనె కార్చడమే. ఇంజన్ లోపల తిరిగే క్రాంకు ఇరుసు ఒక చివర బయటికి పొడుచుకొని ఉంటుంది. ఆ సందులోంచి నూనె రాకుండా చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుందట. అది గట్టిపడి పగిలింది. రాయదుర్గం దాకా అలాగే పోతే దారిలో ఇంజన్ పట్టేస్తుంది.

"షెడ్డులో ఇవ్వరాదా?" అన్నాను.

"నేనుండి ఇంగొకనికిచ్చేదేందన్నా? సీలే కదా. నేను మార్చిన సీళ్లు తూకమేస్తే ఈ కారు కన్నా బరువుంటాయి."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. నేను పుస్తకం పట్టుకొని మా అరుగు మీద కూర్చున్నాను కానీ పేజీ తిప్పిన గుర్తు లేదు. ఇరుసు చివరి చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు ఎంతకూ కదల్లేదు. ఇరుసు తిరగకుండా కారును గేరులో పెట్టి, మారెక్కను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"బ్రేకు తొక్కి పట్టుకో. వదలొద్దు."

"ఇన్నేండ్లకు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టినావు, అదీ కదలని కారులో."

స్పానరుకు బోరు పైపు ముక్క తొడిగి వేలాడితే బోల్టు టప్పున వదిలింది. సీలుకు అడ్డంగా ఉన్న పళ్ల బెల్టు తీసే ముందు అది ఎక్కడ కూర్చోవాలో గుర్తు కోసం మారెక్క ఆకువక్క సంచిలోంచి సున్నం తీసుకొని, చక్రాల మీదా బెల్టు మీదా చుక్కలు పెట్టాడు. పాత సీలు పెకలించి వెనక్కి విసిరేశాడు. కొత్తదాన్ని నూనెతో తడిపి, సరిపోయే పైపు ముక్కను దాని మీద ఆనించి చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాడు. అంతా బిగించి స్టార్టు చేస్తే ఇంజన్ చక్కగా పలికింది. అంతలోనే కింద పరిచిన అట్ట మీద నూనె చుక్క పడింది. దాని పక్కనే ఇంకొకటి.

గురప్ప నేల మీద చతికిలబడ్డాడు. "ఇరుసే అరిగినట్టుండాదన్నా. అట్లయితే ఇంజన్ మొత్తం దించాల. ఇంగ ఈ ఎండాకాలం కాదు."

మారెక్క ఇంటి లోపలి నుంచే అంది. "ఇదేమన్నా బోరు మోటరనుకొంటివా? నీళ్లు రాకుండా, ఇసక రాకుండా బిగిస్తివేమో!"

గురప్ప లేచాడు. మూలన పడి ఉన్న పాత బోరు మోటరు దగ్గరికి పోయి, సీలు ఉండే దాని తలను గుడ్డతో తుడిచి చాలాసేపు చూశాడు.

"నిజమేనే మారెక్కా," అన్నాడు మెల్లగా. "తిరగేసి పెట్టినా."

తర్వాత నాకు చూపించాడు. సీలుకు ఒక వైపు సన్నని పెదవి ఉంటుంది. దేన్ని ఆపాలో పెదవి అటు తిరిగి ఉండాలి. బోరు మోటరుకు ఇసుక, నీళ్లు బయటి నుంచి వస్తాయి కాబట్టి పెదవి బయటికి. కారులో నూనె లోపల ఉంటుంది కాబట్టి లోపలికి. ఆయన చేతులు కళ్లను అడక్కుండానే పాత పద్ధతిలో బిగించేశాయి. మా నేల మీద దుమ్మయినా ఎండయినా ఎప్పుడూ బయటి నుంచే వస్తాయి. లోపల నిలుపుకోవలసింది కూడా ఒకటుంటుందని ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు.

తీసేటప్పుడు కొత్త సీలు చినిగిపోయింది. మరునాడు మొదటి బస్సుకే అనంతపురం పోయి ఇంకొకటి తెచ్చాడు. ఆయన రాకముందే రాయదుర్గం నుంచి ఫోన్ వచ్చింది, చెల్లెలి కారు వస్తుందని ఆంజినమ్మ గడప దగ్గర కూర్చోబెట్టమని గొడవ చేస్తోందని. మారెక్క ఆ మాట మొగుడికి చెప్పలేదు. బోల్టు బిగించే వేళకు పిలవకుండానే వచ్చి సీట్లో కూర్చొని బ్రేకు తొక్కింది.

ఈసారి బిగించే ముందు గురప్ప సీలును నా ముందు పెట్టాడు. "పెదవి యా పక్కకుండాదన్నా?"

"లోపలికే."

మంగళవారం పోయి చీకటిపడే లోపల తిరిగొచ్చారు. వెనక సీట్లో దిండ్ల మధ్య ఆంజినమ్మ. నేనూ గురప్పా చెరొక పక్క పట్టి దించాం. మాట కొంచెం ముద్దగా వస్తున్నా వేళాకోళం పోలేదు.

"దారిలో యాడ నిలిపినా మా మరిది కారు కింద మోకాళ్లూని దండం పెడ్తాండాడు. ఏ దేవుడుండాడప్పా ఆడ?"

మర్నాడు పొద్దున గురప్ప కారు కింద రాత్రి పరిచిన కొత్త అట్ట లాగి, రెండు పక్కలా తిప్పి, అరుగు మీదున్న నాకు ఎత్తి చూపించాడు. మరక లేదు. అప్పుడే కరెంటు పోయింది.

"విసనకర్ర యాడ పెట్టినావప్పా? అక్కకు చెమట్లు పోస్తాండాయి!" లోపలి నుంచి మారెక్క కేక.

గురప్ప అట్టను మోకాలికి కొట్టి దుమ్ము దులిపి, విసరడానికి దాన్నే పట్టుకొని లోపలికి పోయాడు.

"నూనె వాసనేమన్నా వస్తాందా వదినా?"

"లేదు మరిదీ. గాలే వస్తాండాది."