పులుపు వాసన

శ్రీకాకుళంలో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన డేవిడ్‌రాజు తుపానుకు భయపడడు, నాగావళి వరదకూ భయపడడు. పులుపు వాసనకు భయపడతాడు.

ఆయన బీరువాలో నలభై ప్లాస్టిక్ షీట్లున్నాయి. పాత కార్టూన్ సినిమాల కోసం ఎవరో చేత్తో గీసి రంగులు వేసినవి. వాటిలో గెంతబోతున్న కుందేలంటే ఆయనకు ప్రాణం. అమ్మినవాడు అప్పుడే చెప్పాడు: "పులుపు వాసన వచ్చిందంటే షీటు కుళ్ళుతున్నట్టే. దానికి మందు లేదు. పక్కవాటికీ అంటుకుంటుంది." ఆనాటి నుంచి పొద్దున్నే ప్రార్థన కంటే ముందు బీరువాలో ముక్కు పెట్టి చూస్తాడు.

సోమవారం ఆ వాసన రానే వచ్చింది. భార్యను కేకేశాడు.

"అదేటి కాదండీ," అంది భార్య జ్ఞానసుందరి. "షీట్లకి సుట్టిన పొందూరు ఖద్దరుకి నేనే గంజి పెట్టినాను. తడారకముందే మీరు సుట్టీసినారు. గంజి పులిసినాది."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆమె గుడ్డలన్నీ విప్పి, ఉతికి, డాబా మీద ఆరేసింది.

సాయంత్రం ఎండిన గుడ్డలు తెచ్చి, గదిలో నిలబడి వాసన చూశాడు. గుడ్డల్లో ఎండ వాసన తప్ప ఏమీ లేదు. గదిలో మాత్రం పులుపు అలాగే ఉంది.

"సుందరీ, ఇంకోపాలి ఉతకవే," అన్నాడు, బీరువా వైపు చూడకుండా. "గంజి ఇంకా పోనేదు."