కుడీ ఎడమా లేని జోళ్లు

సులైమానియా నగరంలో ఒక ఆర్ట్ గ్యాలరీకి ఫతుల్లా కాపలాదారు. సైన్యం తన సొంతూరిని నేలమట్టం చేయకముందు అతను క్లాష్ జోళ్లు కుట్టేవాడు. అడుగున దట్టించిన గుడ్డపేలికలు, పైన తెల్లనూలు అల్లిక. చలికాలమంతా పొయ్యి చుట్టూ అదే పని, అవే కబుర్లు. ఇప్పటికీ ఊరికే కూర్చుంటే అతని వేళ్లు లేని దారాన్ని లాగుతుంటాయి. షిలేర్ అనే కళాకారిణి, ఆ రోజుల్లో యుద్ధానికి వెళ్లి తిరిగిరాని వాళ్ల క్లాష్ జోళ్లను ఇల్లిల్లూ తిరిగి తెచ్చి, గ్యాలరీలో నేల మీద నలభై జతలు పేర్చింది. రోజూ పొద్దున్నే ఫతుల్లా వాటి మధ్య గొంతుక్కూర్చుని, ప్రతి జతలో కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చేవాడు. ఒకరోజు ఆమె కంటపడ్డాడు.

"బాబాయ్! ముట్టుకోవద్దని అందరి మీదా అరిచేది నువ్వే. ఇదేం పని?"

"క్లాష్‌కి కుడీ ఎడమా ఉండవు తల్లీ. రోజూ మార్చకపోతే ఒకవైపే అరిగిపోతాయి. నీ బొమ్మల చదువులో ఇది చెప్పలేదా?"

"అరగడానికి, తొడుక్కునేవాళ్లేరీ?"

"రేపొచ్చి అడిగితే ఏం చెప్పను?"

మర్నాడు అతను తలుపు తీసేసరికి షిలేర్ గుమ్మంలో నిలబడి ఉంది. నేరుగా కిటికీ పక్కనున్న చివరి జత దగ్గరికెళ్లి కూర్చుని, కుడిది ఎడమకి మార్చింది. అది వాళ్ల నాన్నది.