పని చూసి మాట్లాడుదాం

డీజిల్ మెకానిక్కుకు జీతం ఎంత ఇవ్వాలో తేల్చే పని నాకు అప్పగించిన రోజు ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్లాను. నా భార్యకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

అప్పటికి నేను మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర మేనేజరుగా చేరి నాలుగేళ్లు. ఆయన్ని అందరం సేటు అనేవాళ్లం. పాతగూడెం వైపు రోడ్డు పని మాది. ఎనిమిది టిప్పర్లు, రెండు ప్రొక్లెయిన్లు, ఊరి చివర ఒక రేకుల షెడ్డు. ఉన్న ఒక్క మెకానిక్కు చెప్పాపెట్టకుండా చంద్రపూర్ వెళ్లిపోయాక బండ్లు ఒక్కొక్కటే మూలన పడ్డాయి. పని తెలిసినవాడు ఇక్కడ నిలవడు, ప్రాణహిత వంతెన దాటి తెలంగాణలోకి వెళ్తే రెట్టింపు ఇస్తారు అని సేటుకు చెప్పాను. అయితే వెళ్లి ఎంతిస్తున్నారో కనుక్కురా, వాళ్లతో సమానంగా మనమూ ఇద్దాం అన్నాడు.

నమ్మాను. రెండు రోజులు చెన్నూరు, మంచిర్యాల షెడ్లన్నీ తిరిగి, తాగిన చాయ్ మీద చాయ్ తాగి, అడిగిందల్లా రాసుకున్నాను. డీజిల్ పంపు విప్పి బిగించగలిగినవాడికి ముప్పై వేలకు తక్కువ ఎక్కడా లేదు. ముప్పై వేలు, ఉండడానికి గది, మధ్యాహ్నం భోజనం అని నీటుగా ఒక కాగితం తయారుచేశాను. సేటు అది చదివి, ముప్పై మీద అడ్డంగా గీత కొట్టి, ఆ చోట ‘ఆకర్షణీయమైన జీతం’ అని రాయించాడు. అంకె వేస్తే వచ్చేవాడు దాన్నే పట్టుకుని కూర్చుంటాడట. తెలుగులో, మరాఠీలో అచ్చు వేయించి బస్టాండు గోడకు అంటించింది నేనే.

మనుషులు వచ్చారు. ఎంతిస్తారని ఎవరడిగినా సేటుది ఒకటే మాట, పని చూసి మాట్లాడుదాం అని. జింగనూర్ నుంచి వచ్చిన గోండు పెద్దమనిషి రోజంతా టిప్పర్ కింద పడుకుని క్లచ్ ప్లేటు మార్చాడు. సాయంత్రం చాయ్ తాగించి, కబురు చేస్తామని పంపించేశాము. బామ్ని నుంచి వచ్చినతను రెండు రోజులుండి ప్రొక్లెయిన్ బాగుచేశాడు. అతనికీ చాయ్, అతనికీ అదే మాట. మూడో మనిషి కూడా అలాగే వెళ్లాక గాని నా మట్టిబుర్రకు వెలగలేదు. మెకానిక్కు దొరకలేదు గాని బండ్లన్నీ ఒక్కొక్కటే నడవడం మొదలుపెట్టాయి.

కబురు చేయాల్సినవాణ్ని నేను కాబట్టి వాళ్ల ఫోన్లు నాకే వచ్చేవి. మీటింగులో ఉన్నానని చెప్పేవాణ్ని. ఆ టైముకు షెడ్డులో నేనూ, ఇసుకలో పడుకున్న కుక్కా తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఛీ, ఎంత సులువుగా వచ్చేదో ఆ అబద్ధం.

ఒక్క టిప్పర్ మాత్రం ఎవరికీ లొంగలేదు. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే గునిసి గునిసి ఆగిపోయేది. పంపు పోయింది, మార్చాల్సిందేనని వచ్చిన ముగ్గురూ చెప్పారు. కొత్త పంపు ధర వినగానే సేటు ముఖం మాడిపోయింది. అప్పుడు నాకు నా స్నేహితుడు గుర్తొచ్చాడు.

వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. వాళ్ల నాన్నకు పాత బజారులో సైకిల్ దుకాణం ఉండేది. రంజాన్ నెలలో వాళ్లింటి సేమియా గిన్నె సగం నేనే ఖాళీ చేసేవాణ్ని. వాడు ఇరవై ఏళ్లుగా మంచిర్యాలలో మెకానిక్కు. భార్య ఇక్కడే బట్టలు కుడుతుంది, ఒక్కతే కూతురు తొమ్మిదో తరగతి. పదిహేను రోజులకోసారి ఆదివారం ఇంటికి వచ్చి వెళ్తాడు. సంగతి ఫోన్‌లో చెప్పాను.

"నీ ఒక్కనికే చెప్తున్నరా" అన్నాడు. "నేను ఇంటికి పోతే నా బిడ్డ, సుట్టం వచ్చినట్టు కుర్చీ తెచ్చి ఏస్తది. ఇగ జర ఇంటికాడ ఉండాలనుంది. ఈడ మంచిర్యాలల ఇచ్చేదే ఇయ్యమను, ఎక్కువ వద్దు."

నేను పొంగిపోయి సేటు దగ్గరికి వెళ్లాను. పనిమంతుడు అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అంతకుముందటి మెకానిక్కులాగా పారిపోడని నమ్మించాలని కుర్చీ సంగతి కూడా చెప్పేశాను. కూతురి కోసం వస్తున్నాడు, ఇక ఎక్కడికీ పోడు అని హామీ ఇచ్చాను. సేటు శ్రద్ధగా విన్నాడు. నాకు చాయ్ తెప్పించాడు.

మా తాత భూమి లేని కూలీ. కూలి మాట్లాడే ముందు ఆసామి ‘ఇంట్ల గింజలున్నయా’ అని అడిగేవాడట. లేవంటే కూలి తగ్గేది. అందుకని మా నాయనమ్మ ఖాళీ కుండకు కూడా మూత పెట్టి ఉంచేదని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అది విని పెరిగినవాణ్ని, డిగ్రీ చదివినవాణ్ని. సేటు ముందు నా స్నేహితుడి కుండ మీది మూత నేనే తీసి చూపించాను.

ఆ ఆదివారం పొద్దున వాడు వచ్చాడు. పంపును ముట్టుకోలేదు. చిన్న డబ్బాలో డీజిల్ పోయించి, ట్యాంకు పైపు ఊడదీసి, ఆ డబ్బాలోంచి ఇంజనుకు పైపు వేశాడు. స్టార్ట్ చేసి ఎంత గట్టిగా రేస్ చేసినా ఇంజను ఎక్కడా తడబడలేదు. అంటే పంపు బాగానే ఉంది, లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యలో ఉంది. చేత్తో పైపు పొడవునా తడుముకుంటూ వెళ్లి, క్లాంపు కింద వెంట్రుకంత పగులు పట్టుకున్నాడు. డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది, అందుకే ఎవరికీ కనిపించలేదు అని నాకు చూపించాడు. జానెడు కొత్త పైపు వేశాడు. గంట కూడా పట్టలేదు. లోడుతో ఉన్న టిప్పర్ ఎత్తు ఎక్కి దిగి వచ్చింది.

సేటు మెచ్చుకుంటాడనుకున్నాను. "జానెడు పైపు మార్చినవు, గంట పని. దీనికి ముప్పై వేలా?" అన్నాడు. పద్దెనిమిది ఇస్తానన్నాడు. వాడు నవ్వి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, మంచిర్యాలలో తనకు వస్తున్నది చెప్పాడు. సేటు ఏమాత్రం తొణకలేదు.

"ఆడ ముప్పై వస్తది, కాదంటలేను. ఈడ ఇంటికాడ ఉంటవు. నీ బిడ్డ నీకు కుర్చీ ఏసుడు బందైతది. అది జీతం కాదా?"

వాడు సేటు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను టిప్పర్ టైర్ల వైపు చూశాను. నోరు విప్పి, సేటూ, ఇది అన్యాయం, నేను రాసిన కాగితంలో ముప్పై ఉంది అని ఒక్క మాట అనాల్సింది. నా ఉద్యోగం పోయేదేమో, అదీ అనుమానమే. అయినా అనలేదు. వాడు గుడ్డను మడిచి డబ్బా మీద పెట్టి, ఒకటో తారీఖు నుంచి వస్తానన్నాడు.

ఆ నెల సేటు నన్ను లోపలికి పిలిచి, జీతం సంగతి బాగా కుదిర్చావని భుజం తట్టి, నాకు రెండు వేలు పెంచాడు. వద్దనలేదు. ఎవరి జీతంలోంచి వచ్చిన రెండు వేలో తెలిసి కూడా తీసుకున్నాను. ఆ డబ్బుతో ఇంట్లోకి కొత్త మిక్సీ కొన్నాము. అది తిరిగినప్పుడల్లా లేచి బయటికి వెళ్లాలనిపిస్తుంది.

వాడు ఏడాదిన్నరగా పనిచేస్తున్నాడు. ఒక్క బండీ మూలన పడలేదు. సాయంత్రం ఐదున్నరకు చేతులు కడుక్కుని ఇంటికి వెళ్తాడు. బజారులో తండ్రీకూతుళ్లు స్కూటీ మీద ఎదురైతే ఆ పిల్ల నాకు నమస్తే అంటుంది. వాడు తల ఊపుతాడు. చేరిన మొదటి రోజు నుంచి వాడు నన్ను ‘సార్’ అంటున్నాడు. మునుపటిలా ‘ఏరా’ అనమని ఒకసారి బతిమాలాను. సరే సార్ అన్నాడు.

మొన్న ధైర్యం కూడగట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. వాడు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. కొత్త రోడ్డు పని వచ్చింది, సేటు సంతోషంగా ఉన్నాడు, నీ జీతం గురించి ఈసారి గట్టిగా మాట్లాడతాను అన్నాను. వాడు తల ఎత్తకుండానే పానా కోసం చెయ్యి చాచాడు. నేను అందించాను.

"వద్దు సార్" అన్నాడు. "మీరు మాట్లాడితే ఇంకింత తగ్గుతది."