వైవాలో తాళాల గుత్తి

కరోనా తగ్గి విశ్వవిద్యాలయాలు మళ్లీ తెరిచిన ఏడాది. తిరుపతిలో సాహిత్య ఆచార్యుడిగా నాకదే చివరి సంవత్సరం. నా పర్యవేక్షణలో జరిగిన ఆఖరి వైవా హేమావతిది. ఆమె పాకాలలో బడిపంతులమ్మ. పాత జర్మన్ కథల్లో ఆడామగా మధ్య అధికారం, కోరిక అన్న అంశం మీద ఆరేళ్లు రైల్లో తిరుగుతూ పరిశోధన చేసింది.

వైవా అంటే సిద్ధాంత గ్రంథం మీద జరిగే బహిరంగ మౌఖిక పరీక్ష. బయటి ఊరి పరీక్షకుడు అడుగుతాడు, అభ్యర్థి జవాబివ్వాలి. గైడ్‌గా నేను పక్కన కూర్చోవాలి, అంతే. సభలో ఎవరైనా అనుమతితో ప్రశ్న వేయవచ్చు. పరీక్షకుడు సిఫారసు చేయకపోతే పట్టా ఆగిపోతుంది.

ఆ రోజు వచ్చిన పరీక్షకుడు గ్రంథంలోని ఒక కథ ఎత్తుకున్నాడు. పిండిమిల్లు యజమానురాలైన వితంతువు తన పనివాణ్ణి ఇష్టపడి పెళ్లాడుతుంది. తాళాల గుత్తి అతని చేతిలో పెడుతుంది. ఆపైన సొంత మిల్లులో పిండి కావాలన్నా అతణ్ణే అడగాలి. గుత్తి ఎందుకిచ్చిందని పరీక్షకుడు అడిగాడు. హేమావతి నోరు తెరిచేలోపు నేను జవాబు చెప్పేశాను. రెండో ప్రశ్నకూ, మూడోదానికీ అదే వరస. పిల్ల ఎక్కడ తడబడుతుందోనని నా ఆరాటం. ఆయన కళ్లజోడు తీసి, ఇంతకీ ఈ గ్రంథం రాసిందెవరని అడిగాడు.

వెనక వరుసలో క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న హేమావతి అత్త రాజమ్మ చెయ్యెత్తింది.

"ఎవురైనా అడగొచ్చంటిరి గదా, నేనూ అడగతా. సారూ, ప్రశ్న మా కోడలికి. బదులు నువ్వు సెప్తాండావేంది? ఆరేండ్లు సదివింది ఆ పాప గదా!"

హాలంతా గొల్లుమంది. హేమావతి లేచింది.

"ప్రేమతోనే ఇచ్చింది సార్. ఇష్టపడిన ఆడది తనకంటూ ఒక్క తాళంచెవి కూడా ఉంచుకోకూడదని ఆమెకు చిన్నప్పుడే నేర్పించినారు. ఆ మాట నాలుగో అధ్యాయంలో రాసినాను. మా సారు కొట్టేసినారు."

నిజమే. ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'ఊహ' అని కూడా రాశాను. పరీక్షకుడు ఆ మాట తిరిగి చేర్చమని చెప్పి, పట్టాకు సిఫారసు రాశాడు. దాని కింద సంతోషంగానే సంతకం పెట్టాను. రాజమ్మ నాకూ పులిహోర వడ్డించింది. మొహమాటానికి కొంచెం చాలన్నా వినలేదు.

ఆ కథను నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి. అందులో మగవాడు దుర్మార్గుడు కాడు. ఆమెకు బరువవుతుందనే గుత్తి తన మొలకు కట్టుకున్నాడు. మంచితనంతో కూడా ఎదుటి మనిషి నోరు మూయవచ్చని నాకు నేర్పింది మాత్రం రాజమ్మే.