చుట్టానికి పెద్ద ముక్క

మొన్న అన్నయ్య మనవరాలి అన్నప్రాశనకి గుడివాడ వెళ్ళాను. వంటింట్లో ఎవరో పొడి కోసం ఎండుకొబ్బరి చిప్ప నిప్పుల మీద కాలుస్తున్నారు. ఆ వాసన వసారాలోకి వచ్చిందో లేదో, అన్నయ్య తన పాత కథ ఎత్తుకున్నాడు. బందరులో మా ఇంట్లో ఎలకని ఎలక అనేవాళ్ళం కాదని, చుట్టం అనేవాళ్ళమని, ఒకరోజు అమ్మ "ఈ చుట్టం పీడ ఎప్పుడు వదులుతుందో" అని విసుక్కుంటే పాపం సుబ్బత్తయ్య తననే అనుకుని మూట కట్టుకుని కోడూరు వెళ్ళిపోయిందని. అందరూ నవ్వారు. ముప్ఫై ఏళ్ళ పైనుంచీ నవ్వుతూనే ఉన్నారు. ఒక్కరికీ తట్టదు, ఆ మాట మా ఇంటికి నేర్పిందే సుబ్బత్తయ్య అని. తాను పెట్టిన పేరుకి తానే మోసపోయేంత వెర్రిది కాదావిడ.

నాన్నగారికి పెత్తల్లి కూతురు ఆవిడ. దివిసీమ కోడూరులో గాలివానకి ఉన్న ఒక్క ఇల్లూ కూలిపోతే, రెండు తెల్లపంచెలూ ఒక రాగిచెంబూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పుష్యమాసంలో కొత్తవడ్లు బందరు కాలవ మీద పడవల్లో వచ్చి మా గాదెకి చేరితే, వాటి వెనకే ఎలకలూ చేరి, అటక మీది అప్పడాలూ, చల్లమిరపకాయలూ, నాన్నగారి కచేరీ కాగితాలూ, దండెం మీద అమ్మ మడిచీర అంచూ ఒకటని లేకుండా కొరికి, పట్టపగలే దూలాల మీద పరుగులు పెట్టేవి. "బోను పెట్టేటప్పుడు దాని పేరెత్తకూడదే, వినపడుతుంది. చుట్టం వస్తున్నాడు, మర్యాద చెయ్యాలి అను" అనేది అత్తయ్య. దీపాలు పెట్టే వేళకి కుంపటి ముందు కూర్చుని, ఎండుకొబ్బరి ముక్కని పుల్లకి గుచ్చి, అంచులు నల్లబడి నూనె చిటపటలాడేదాకా కాల్చి, రెండుగా విరిచి, పెద్దది కొయ్యబోను కొక్కేనికీ చిన్నది నా అరచేతికీ ఇచ్చేది.

"నాకెందుకు చిన్నది?" అని రోజూ తగువే.

"నువ్వు రేపూ ఉంటావు. వాడికిదే ఆఖరి భోజనం."

వినాయకచవితినాడు మాత్రం బోను తలుపు తాడుతో కట్టేసి, గాదె కింద ఆకులో రెండు ఉండ్రాళ్ళు పెట్టి, "ఇవాళ దొరగారి వాహనం, రేపటినుంచి మళ్ళీ చుట్టమే" అనేది. మా ఇంట్లో అంత హాస్యం మరొకరికి లేదు.

నాకు తొమ్మిదో ఏడు. బళ్ళో కొత్తగా ఒక ఆఫీసరుగారి అమ్మాయి చేరింది, జరీ లంగా, కాళ్ళకి బూట్లు. ఆ పిల్లని బతిమాలి బతిమాలి గచ్చకాయలాటకి మా ఇంటికి తెచ్చుకున్నాను. గోడకి అవతల అత్తయ్య పసుపుకొమ్ములు దంచుతోంది. మంచినీళ్ళకి వెళ్ళి ఆవిణ్ణి చూసొచ్చిన ఆ పిల్ల, "ఆ బోడితల ఆవిడెవరు? మీ వంటావిడా?" అంది.

అత్తయ్య అనడానికి నాకు నోరు రాలేదు. "చుట్టం" అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఆ పిల్ల నవ్వాలని, "మా ఇంట్లో చుట్టం అంటే ఏమిటో తెలుసా? ఎలక. తినడానికి చేరుతుంది, ఎంతకీ పోదు" అన్నాను.

నవ్వింది. గోడ అవతల రోకలి చప్పుడు ఆగింది. నేనొక గచ్చకాయ ఎగరేసి పట్టుకునేంతసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ సాయంత్రం కూడా అత్తయ్య కుంపటి ముందు కూర్చుంది. కొబ్బరి కాల్చింది, విరిచింది. చిన్న ముక్క కొక్కేనికి గుచ్చి, పెద్దది నా చేతిలో పెట్టి "తిను" అంది. తిన్నాను. రుచిగా ఉంది కూడాను, ఎందుకు దాచాలి.

మర్నాడు అమ్మ పాలు కాచే వేళకి ఆవిడ లేదు. పులిగడ్డ దగ్గర రేవు దాటుతూ కనిపించిందని తరవాత ఎవరో చెప్పారు. బోనులో మాత్రం చుట్టం ఉన్నాడు.

అమ్మ ముందురోజు పొద్దున కొరికేసిన మడిచీర చూసి చుట్టాన్ని తిట్టిన మాట నిజమే. "వదినగారు నా మాటే పట్టుకుని వెళ్ళిపోయారు" అని కళ్ళొత్తుకుంటూ రెండుసార్లు కోడూరుకి ఉత్తరం రాయించింది. జవాబు రాలేదు. ఆ ఉత్తరాలు రాసిన పిల్లని నేనే, అమ్మ చెప్పింది చెప్పినట్టు, గుండ్రటి అక్షరాలతో. కాలేజీలో లెక్చరర్లతో, అత్తవారింట్లో అందరితో అడ్డంగా వాదించిన దాన్ని, మంచం పట్టిన అమ్మ "నా నోరు మంచిది కాదే" అంటే "కాదమ్మా, నాది" అనలేకపోయాను. అమ్మ ఆ తప్పు తనదనుకునే పోయింది.

మొన్న గుడివాడలో చెప్పేశాను. "ఆ మాట అమ్మది కాదు, నాది" అన్నాను. అన్నయ్య, "నీకు ప్రతిదానికీ వాదనే" అని అవతలివాళ్ళకి అదే కథ మళ్ళీ చెప్పడానికి తిరిగిపోయాడు. నవ్వే కథ పాడుచేస్తే ఎవరూరుకుంటారు.

ఇప్పుడా గాదె లేదు, కుంపటి లేదు, కొయ్యబోను ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. కొట్టుకి వెళ్ళి ఎలకల మందు అని పేరు పెట్టి అడిగి పొట్లం తెచ్చుకుంటున్నాం, వింటుందన్న భయం లేదు. గోడ అవతల ఎవరైనా వింటారన్న భయం నాకు మాత్రం ఇంకా పోలేదు. అత్తయ్యా, నువ్వు బతికుంటే ఒక్కటే అడుగుదును. ఆ వేళ పెద్ద ముక్క ఎవరికి పెట్టావు, మేనకోడలికా, చుట్టానికా?