అవతలి ఒడ్డున చాయ్

నా పుట్టిల్లు బెల్లంపల్లి. బొగ్గుబావుల కాలనీలో నల్లా నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగకుండా పెరిగాను. పెళ్ళయి కడెం జలాశయం ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాక చాలా కాలం ఆ నీళ్ళను దూరం నుంచే చూశాను. మా ఆయన దుబాయ్ నుంచి తిరిగొచ్చి ఒడ్డు మీద గుడారాలు వేయడం మొదలుపెట్టాడు. సెలవుల్లో కరీంనగర్ నుంచి, హైదరాబాద్ నుంచి జనం వస్తారు. గాలాలు వేసుకుని కూర్చుంటారు, చీకటి పడ్డాక మంట చుట్టూ పాడుకుంటారు, మేము వండిన చేపల పులుసు తిని వెళ్ళిపోతారు. అంత దూరం వచ్చి ఏం చూస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

మామ పోయినప్పటి నుంచి వల వేసేది మా అత్త, మా ఆయన. ఆ చలికాలం మా ఆయనకు జ్వరం వచ్చింది.

"నువ్వు రా పిల్లా," అంది అత్త పొద్దున్నే. కొంగు నడుముకు చుట్టుకుని పడవెక్కాను.

వల తీస్తుండగానే మంచు దిగింది. ముందు గుట్టలు పోయాయి, తర్వాత ఒడ్డు పోయింది, ఆఖరికి పడవ ఆ చివర కూర్చున్న అత్త కూడా సగమే మిగిలింది. నీళ్ళెక్కడ ఆగుతాయో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు.

"అత్తా, గిప్పుడెటు?"

"నాకేం ఎరుక?" అంటూ ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. "మంచే గదా, అదే పోతది. ఫికర్ చెయ్యకు. జర ఊకె కూసో."

ఊరికే కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పడవ తనంతట తనే మెల్లగా కదులుతోంది. ఒక పిట్ట మా తలల మీదుగా వెళ్ళింది. రెక్కల చప్పుడే వినిపించింది.

"నేను గూడ నీళ్ళెరుగనిదాన్నే," అంది అత్త ఉన్నట్టుండి. "చిన్నప్పుడు నిర్మల్ల కట్టె బొమ్మలకు రంగులేసేటిదాన్ని. ఈడికొచ్చిన కొత్తల మస్తు ఏడ్సిన. ఓనాడు మీ మామ నన్ను పడవల కూసోవెట్టి ఊకె తిప్పిండు. వల వెయ్యలే, చేప పట్టలే. ఊకెనే."

ఇన్నేళ్ళలో ఆమె నాతో ఇలా మాట్లాడటం అదే మొదలు. మంచు ఇంకాసేపు ఉంటే బాగుండనుకున్నాను.

పొగ వాసన వచ్చింది. పడవ ఇసుకకు తగిలింది. అది అవతలి ఒడ్డు. ఒక గుడారం, మూడు రాళ్ళ పొయ్యి, దాని దగ్గర భార్యాభర్తలు. కరీంనగర్ నుంచి వచ్చారట.

"అయ్యో, గింత చలిల వచ్చిండ్రా! రాండ్రమ్మా, చాయ్ తాగుదురు," అంది ఆమె. అతను మడత కుర్చీ తెరిచి అత్త ముందు పెట్టాడు. అత్త ఆ కుర్చీ గుడ్డను చేత్తో ఒత్తి చూసి, భయపడుతూ కూర్చుని, లోపలికి కూరుకుపోయి నవ్వింది. "పడుతనా బిడ్డా?"

అల్లం చాయ్ వేడిగా ఉంది. మంచు పలచబడేకొద్దీ నీళ్ళకు అవతల మా ఊరు తేలింది. చిన్న చిన్న ఇళ్ళు, గుడారాలు, వాటి నీడలు. నేను రోజూ ఊడ్చే వాకిలి అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

"గిది చూడనీకేనా వీళ్ళు వచ్చేది!" అంది అత్త మెల్లగా.

ఒడ్డు మీద ఎవరో దుప్పటి కప్పుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

"అత్తా, నీ కొడుకు. జ్వరంల లేసొచ్చిండు. పోదమా?"

అత్త అటు చూసింది, ఖాళీ గ్లాసు చూసుకుంది. "ఇంకింత చాయ్ ఉన్నదా అమ్మా?" అని అడిగింది.

మంచి రవ్వ చేపను వాళ్ళకిచ్చి వచ్చేశాం. ఒడ్డు చేరేసరికి మా ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఏడికి పోయిండ్రే? పరేషాన్ చేసిండ్రు గదా!"

"చాయ్ తాగ పోయినం," అంది అత్త, చేపల బుట్ట అతని చేతికిస్తూ.

ఇప్పుడు గుడారాలు ఖాళీగా ఉన్న పొద్దుల్లో అత్తా నేనూ పడవ తీస్తాం. వల ఇంట్లోనే ఉంటుంది. ఎందుకు పోతున్నారని మా ఆయన మొదట్లో అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.